అతుకులక్క ఇచ్చేసిన మొహం

మా వీధిలో ఇప్పుడు ఎవరి నోట విన్నా ఒకటే మాట. పుస్తకం అచ్చయ్యాక అతుకులక్కకి కళ్ళు నెత్తికెక్కాయట. పిలిస్తే పలుకుతుంది గానీ ఇటు తిరగదట. దారిలో ఎదురైతే మొహం చాటేసి పోతుందట. పాలు పోసేవాడి దగ్గర్నుంచి ఇంటి ఓనరు దాకా అందరిదీ ఇదే పాట. ఇందులో నిజం ఆవగింజంత కూడా లేదు. గర్వమే ఉంటే ఆ మనిషి నా కుట్టుమిషను పక్కన పీట మీద కూర్చుని చల్లారిన టీ తాగేదా? కింది వాటాలో బట్టలు కుట్టుకుని బతికేదాన్ని నేను. పైవాటాలో వాళ్ళు. మెట్లు ఎక్కినా దిగినా నా గుమ్మం ముందు నుంచే. కాబట్టి సంగతేమిటో నేను చెబుతాను.

అతుకులక్క అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, ఆఫీసులో వచ్చిన పేరు. టైర్ల కొట్టు మీద రెండో అంతస్తులో కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీ ఒకటుంది. వాళ్ళ ఆట పేరు వెండిదుర్గం. అందులో కోటలు, కొండలు, రాజులు, రెక్కల గుర్రాలు అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఆ రాజ్యమే. ఆ లేని రాజ్యానికి చరిత్ర రాయడం ఈవిడ ఉద్యోగం. కంపెనీ ముద్ర వేసి, అట్టకి వెండిరంగు పూసి, ఇటుకంత పుస్తకాలు అచ్చేస్తారు. ఆడేవాళ్ళు అవి కొనుక్కుని, ఏ రాజు ఏ రాణిని ఎందుకు వదిలేశాడో పేజీ తీసి మరీ పోట్లాడుకుంటారు. పుస్తకంలో ఉంటే జరిగినట్టు, లేకపోతే జరగనట్టు. ఒకసారి అచ్చయ్యాక కంపెనీవాళ్ళు కూడా కాదనడానికి లేదు. ఆటనే పుస్తకానికి సరిపోయేలా దిద్దుకోవాలి.

మరి అతుకులేమిటంటారా? అంత పెద్ద ఆటలో తప్పులు దొర్లకుండా ఉంటాయా. ఆ తప్పులు వెతకడానికి ఒక బట్టతలాయన ఉన్నాడు. పొద్దస్తమానం ఆ రాజ్యంలో తిరుగుతూ గోడలకి గుద్దుకోవడమే ఆయన పని. దేశదిమ్మరి అంటారు ఆయన్ని. ఆయన తప్పు పట్టుకొస్తాడు. దిద్దడానికి సులువైతే దిద్దుతారు. దిద్దబోతే ఇంకో నాలుగు చోట్ల ఊడిపోతుందనుకుంటే, మేనేజరు ఈవిడ బల్ల దగ్గరికి వస్తాడు. "అక్కా, దీనికో అతుకెయ్యి" అంటాడు. అంటే ఆ తప్పు తప్పుగా కనపడకుండా దానికో చరిత్ర రాయాలన్నమాట. మూడు ప్రశ్నలకి జవాబు ఉండాలి. ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎందుకుంది, చివరికి ఏమైంది.

"నీ పనీ నా పనీ ఒకటే పిన్నీ" అనేది నాతో. "చిరుగు మీద నువ్వు పువ్వు కుడతావు. నేను కథ కుడతాను."

"నా పువ్వు ఉతికితే పోదే అమ్మాయ్. నీ కథ సంగతేమిటి?"

"అదే పోవట్లేదు పిన్నీ" అంది ఒకరోజు, నవ్వకుండా.

అప్పుడు చెప్పింది. ఆటలో ఒక ఇంటికి తలుపు పెట్టడం మరిచిపోయారట. ఈవిడ అతుకేసింది. ఆ ఇంటాయన వాకిలి దాటిన ప్రతిసారీ ఇంట్లో ఎవరో ఒకరు లేకుండా పోయేవారని, భయపడి తలుపు పీకేసి గోడ కట్టించుకున్నాడని, లోపలే చల్లగా బతికి కన్నుమూశాడని. పుస్తకం అచ్చయి వచ్చింది. ఆ వారంలోనే పైవాటాలో డాబా మీదకి వెళ్ళే తలుపు లేకుండా పోయింది. నేను వెళ్ళి చూశాను. గోడ. కొత్త గోడ కూడా కాదు. పాత సున్నం, తుప్పుపట్టిన మేకు, మేకు కింద నీళ్ళు కారిన చార. ఆ తలుపులోంచి నేనెన్నిసార్లు బట్టలారెయ్యడానికి వెళ్ళానో నాకు తెలుసు. ఓనర్ని అడిగితే, "అక్కడ తలుపెప్పుడుందమ్మా, కలగన్నావా" అన్నాడు. అతుకులక్క వాళ్ళమ్మ మాత్రం చాన్నాళ్ళు బట్టల బకెట్టు పట్టుకుని ఆ గోడ దగ్గరికి వెళ్ళి నిలబడేది.

వాళ్ళమ్మ గురించి చెప్పాలి. మేమిద్దరం వదినా వదినా అనుకుంటాం. రెండు కళ్ళకీ పొరలు కమ్మాయి. మనిషి ఉన్నట్టు తెలుస్తుంది గానీ ఎవరో తెలియదు. చింత చచ్చినా పులుపు చావదన్నట్టు, చూపు పోయినా నోరు మాత్రం పోలేదు. ఆవిడకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది అతుకులక్క. చిన్నది పందొమ్మిదేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం ఇంట్లోంచి వెళ్ళింది. చెప్పు తెగిందని, వంతెన అవతల చెప్పులు కుట్టేవాడి దగ్గరికి. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, ఒక కాలికి చెప్పుతో, ఒకటి వట్టి కాలుతో మెట్లు దిగింది. "ఆ నడకేంటే కుంటికొంగలాగా" అన్నాను నేను. జడ విసురుకుంటూ పోయింది. అంతే. మళ్ళీ రాలేదు. వెతకని చోటు లేదు. ఆ పిల్ల మొహం కనపడే ఫోటో ఒకటే ఉంటే పోలీసులకిచ్చారు, అది తిరిగి రాలేదు. ఇంట్లో మిగిలింది ఇంకో ఫోటో. కిటికీ దగ్గర కూర్చోబెట్టి తల్లి జడ వేస్తుంటే వెనక నుంచి తీసింది. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఆ పిల్లకి వీపే మిగిలింది.

ఇక కిందటి పుస్తకం పని ముగింపుకొచ్చిన రోజులు. దేశదిమ్మరి ఒక తప్పు పట్టుకొచ్చాడు. వెండిదుర్గంలో మూగ వంతెన అని ఒకటుంది, ఇంకా ఎవరూ వెళ్ళడానికి వీల్లేని చోట. దాని మీద ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఎవరు గీశారని అడిగితే గీసేవాళ్ళలో ఒక్కరూ ఒప్పుకోలేదు. తీసేద్దామని చూస్తే వంతెన మొత్తం ఊడొస్తోందట.

"అక్కా, నీకే" అన్నాడు మేనేజరు. "రేపోమాపో అచ్చుకెళ్తుంది, తొందరగా ఓ అతుకు పడెయ్."

ఈవిడ వెళ్ళి తెర మీద చూసింది. వెనక్కి తిరిగి నిలబడ్డ మనిషి. పొడుగు జడ. ఎడమ కాలికి చెప్పు, కుడి కాలు వట్టిది. చేతిలో ఇంకో చెప్పు.

"ముందుకి తిప్పండి, మొహం చూద్దాం" అంది దేశదిమ్మరితో.

"తిప్పకపోవడమేంటమ్మా, నిన్నంతా అదే పని. ముందుకెళ్ళా, పక్కకెళ్ళా, కింద నీళ్ళల్లోకి దిగి పైకి చూశా. ఎట్నుంచి చూసినా వీపే."

"అదెలా?"

"నేను తప్పులు పట్టేవాణ్ణే తల్లీ, ఎలా అని అడిగితే నీ దగ్గరికెందుకొస్తాను."

మేనేజరు వెనక నుంచి సలహా ఇచ్చాడు. "వంతెన మీద ఆడమనిషి ఒంటరిగా నిలబడిందంటే అందరూ ఒకటే అనుకుంటారక్కా. దూకేసిందని రాసెయ్. చదివినవాళ్ళు ఓ చుక్క కన్నీరు కారుస్తారు."

ఆ సాయంత్రం నా గుమ్మంలో కూలబడి ఇదంతా చెప్పింది. ఆ చెప్పు సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. తెలిసింది తల్లికి, దీనికి, నాకు.

"పిన్నీ, దూకిందని రాస్తే అదే జరుగుతుంది. తలుపు పోయినట్టే ఇదీ పోతుంది."

"ఏదీ రాయకపోతే?"

"నేను రాయకపోతే మేనేజరే రాస్తాడు."

"అయితే ఇంటికొచ్చిందని రాయవే" అన్నాను. అందులో పెద్ద ఆలోచనేముంది, ఎవరైనా అనేదేగా.

అదే రాసింది. అచ్చయ్యాక నాకు చదివి వినిపించింది కూడా. చెప్పులు కుట్టేవాడు చనిపోయాడని తెలియక ఆ అమ్మాయి వంతెన మీద వాడి కోసం చాలాకాలం కాచుకుందని, చివరికి వాడి కొడుకు వచ్చి చెప్పు కుట్టి ఇచ్చాడని, తొడుక్కుని ఇంటికి వెళ్ళిందని, తల్లి తలుపు తీసిందని. బాగుందన్నాను. కళ్ళు తుడుచుకున్నాను కూడా.

వెండిరంగు అట్టల కట్టలు ఆఫీసుకి వచ్చిన రోజు మధ్యాహ్నం. వీధంతా ఎండకి మాడుతోంది. నేను కాలరు కుడుతున్నాను. మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. రెండు కాళ్ళకీ చెప్పులున్న అడుగులు. తలెత్తేసరికి మెట్లెక్కుతున్న జడ కనిపించింది. ఎవరో నా గుమ్మం ముందు నుంచి పోతే ముందు మొహమో పక్కమొహమో కనపడాలిగా. నాకు జడే కనపడింది. పైన తలుపు తీసిన చప్పుడైంది. ఆ తర్వాత వదిన నవ్వు. ఆవిడ అలా నవ్వి ఎన్నేళ్ళయిందో.

సాయంత్రం నన్ను కొలతలకి పిలిచారు. వెళ్ళకుండా ఎలా ఉంటాను? కిటికీ వైపు తిరిగి నిలబడి ఉంది. భుజం మీద టేపు పెట్టాను. ఎడమ భుజం కుడిదానికన్నా ఒక దారమంత కిందికి ఉంటుంది ఆ పిల్లకి. గౌను కుట్టినప్పుడల్లా అటు కొంచెం దూది పెట్టేదాన్ని. అదే భుజం. అదే నడుము. ఇన్నేళ్ళలో ఒక నూలుపోగు కూడా పెరగలేదు, తరగలేదు. మనిషి దగ్గర కొత్త పుస్తకం తెరిచినప్పటి వాసన.

"ఇటు తిరగమ్మా, ఛాతీ కొలుస్తాను" అన్నాను.

తిరిగింది. పాదాలు కదలడం చూశాను. గౌను అంచు తిరగడం చూశాను. తిరిగాక నా ఎదురుగా ఉన్నది మళ్ళీ వీపే.

టేపు చుట్టి బొడ్లో దోపుకున్నాను. ముందువైపు అందాజుగా కుడతానని చెప్పి మెట్లు దిగాను.

అతుకులక్క నా వెనకే వచ్చింది. "మొహం రాయడం మరిచిపోయాను పిన్నీ" అంది. "మాటలు కూడా రాయలేదు. ఇంటికొచ్చింది, అమ్మ తలుపు తీసింది అన్నాను. అంతే వచ్చింది."

"అమ్మ ఏమంటోంది?"

"అమ్మకేం, జడ తడిమి గుర్తుపట్టింది. మాట్లాడవేంటే అని అడిగి, అలిగిందిలే అని తనే సర్దిచెప్పుకుంటోంది."

కొన్నాళ్ళు అలాగే గడిచింది. పగలంతా వదిన ఆ పిల్లని కిటికీ దగ్గర కూర్చోబెట్టి జడ వేస్తూ, విప్పి మళ్ళీ వేస్తూ, అది లేని పద్దెనిమిదేళ్ళ ఊసులన్నీ చెప్పేది. అవతలి నుంచి ఊఁ కూడా లేదు. ఆఫీసులో దేశదిమ్మరి మూగ వంతెన ఖాళీ అయిందని చెప్పాడు. మేనేజరు అక్క చేతికి దణ్ణం పెట్టాడు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. వదినకి కళ్ళ ఆపరేషను ఖాయమైంది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన పిలుపు అది, ఆసుపత్రి నుంచి. ఆవిడ సంబరం చెప్పనలవి కాదు. "కట్టు విప్పగానే ముందు చిన్నదాని మొహమే చూస్తాను వదినా. నిన్నెందుకూ, ఏళ్ళ తరబడి చూసిన మొహమేగా" అని నన్ను ఆటపట్టించింది. పక్కనే నిలబడ్డ అతుకులక్క మొహం ఆ క్షణంలో నేను చూశాను. ముక్కు మీద కళ్ళజోడు నొక్కుకున్న రెండు గుంటలు, కుడి కనుబొమ్మ చివర చిన్న గాటు, నవ్వబోయి ఆగిపోయిన మూతి. ఆ మొహాన్ని దాని చోట నేను చూడటం అదే ఆఖరు. అందుకే ఇంతగా చెబుతున్నాను.

పుస్తకం రెండో అచ్చుకి వెళ్తోంది. ఆ వంతెన అమ్మాయి ఎలా ఉంటుందని చదివినవాళ్ళు అడుగుతున్నారని, ఒక్క వాక్యం చేర్చమని మేనేజరే అన్నాడు. ఇక రాయడమే తరువాయి. కానీ ఏం రాయాలి? చెల్లెలి మొహం దానికి గుర్తురాలేదు. నన్ను అడిగింది. నేను కళ్ళు మూసుకుని చెప్పాను. ముక్కు ఇలా, గడ్డం ఇలా అని. విని తల అడ్డంగా ఊపింది.

"నువ్వు చెప్పేది నా మొహం పిన్నీ."

మళ్ళీ చెప్పాను. ఈసారి వాళ్ళమ్మ మొహం వచ్చింది. భుజాల కొలత ఇప్పటికీ నోటికి చెప్పగలను గానీ మొహం దగ్గరికి వచ్చేసరికి అంతా ఎండలో బట్టలా వెలిసిపోయింది. తల్లిని అడుగుదామంటే, ఆవిడ దగ్గర ఆ మాట ఎత్తేదెవరు.

"ఊహించి ఏదో ఒకటి రాసెయ్యవే."

"పరాయి మొహం పెట్టుకుని వస్తే అమ్మ భయపడదూ?" అంది. కాసేపు నా కత్తెరతో గుడ్డపీలికలు కత్తిరిస్తూ కూర్చుంది. తర్వాత, "ఎవరిది రాసినా ఎక్కణ్ణుంచో రావాలిగా. ఇంట్లో ఉన్నదే ఇస్తే పోలా" అంది.

"ఏం మాట్లాడుతున్నావే?"

"ఏం లేదులే. టీ ఉంటే పొయ్యి."

నాకప్పుడు అర్థమైతే కత్తెర లాక్కుని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేదాన్ని.

రెండో అచ్చులో ఆ వాక్యం ఉంది. తిరిగి వచ్చిన చెల్లెలికి మొహం లేకపోతే అక్క తన మొహం తీసి ఇచ్చిందని, తల్లి దాన్ని చూసి తృప్తిపడిందని. చదివినవాళ్ళు ఎంత బాగా రాసిందో అంటున్నారట.

కట్టు విప్పించుకుని, నల్లద్దాలు పెట్టుకుని వదిన ఇంటికొచ్చిన రోజు నేను పైకెళ్ళాను. కిటికీ దగ్గర ఆ పిల్ల ఇటు తిరిగింది. ఈసారి నిజంగా ఇటు తిరిగింది. పందొమ్మిదేళ్ళ ఒంటి మీద నలభై దాటిన మొహం. కుడి కనుబొమ్మ చివర గాటు. ఎన్నడూ కళ్ళజోడు పెట్టని ఆ పిల్ల ముక్కు మీద రెండు గుంటలు.

వదిన దాని గడ్డం పట్టుకుని చాలాసేపు చూసింది. "అచ్చం అక్క పోలికే వదినా. ఇన్నాళ్ళూ గమనించనే లేదు" అంది. మళ్ళీ గొంతు తగ్గించి, "అవునుగానీ, దీనికి కళ్ళజోడెప్పుడుండేది?" అని అడిగింది.

నేను వంటగది వైపు చూశాను. అతుకులక్క పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది.

"అమ్మాయ్, ఇటు రావే ఒకసారి."

"వస్తున్నా పిన్నీ."

వచ్చింది. అడుగులు దగ్గరికొచ్చాయి. నా చేతిలోకి టీ గ్లాసు వచ్చింది, వేడిగా. ఎలా అందించిందో నేను చెప్పలేను. నాకు కనపడింది తల వెనక ముడి, మెడ కింద జాకెట్ కుట్టు.

"పెద్దది ఏమిటో ఈ మధ్య నా వైపు చూడనే చూడదు" అంది వదిన నిష్ఠూరంగా. "చెల్లెలొచ్చిందని కుళ్ళేమో."

ముడి కదల్లేదు. "నాకెందుకమ్మా కుళ్ళు" అన్న మాట మాత్రం వినపడింది. గొంతు దానిదే. నవ్వుతూ అన్నట్టే ఉంది. నవ్విందో లేదో చూసే దారి లేదు.

ఇదీ అసలు సంగతి. వీధిలో మొహం చాటేస్తోందని మీరంతా అంటున్నారే, చాటెయ్యడానికి మొహం ఉంటేగా.

నేను ఊరుకోలేదు. టైర్ల కొట్టు పక్క మెట్లెక్కి మేనేజర్ని పట్టుకున్నాను. అక్కకి ఏదో ఒకటి రాయండి బాబూ, ఒక్క వాక్యం చాలు అన్నాను. ఆయన మంచివాడే. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"అక్క రోజూ వస్తూనే ఉంది కదండీ. అటు తిరిగి పని చేసుకుంటోంది, మాకేం ఇబ్బంది లేదు. ఆటలో తప్పు ఉంటేనే అతుకు పిన్నిగారూ. ఊరికే రాయకూడదు."

పక్క బల్ల దగ్గర దేశదిమ్మరి గొంతు సవరించుకున్నాడు. "తప్పు ఉంది సార్. పొద్దున్నే చూశా, చెబుదామనుకుంటున్నా. మూగ వంతెన మీద మళ్ళీ ఎవరో నిలబడ్డారు. వెనక్కి తిరిగి. ఈవిడకి జడ కాదు, ముడి. చేతిలో చెప్పు కాదు, కళ్ళజోడు."

మేనేజరు కలం తీసుకున్నాడు. "మళ్ళీ వంతెనేనా. ఈసారి అక్కని అడగడం బాగోదులెండి, నేనే రాసేస్తాను. వంతెన మీద ఒంటరిగా ఉందంటే ఇంకేముంటుంది" అన్నాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. వచ్చే పుస్తకం దాకా రాయనని మాటిచ్చాడు. అంతకు మించి ఇవ్వలేదు. రోజూ సాయంత్రం పైకెళ్ళే అడుగులు నేను వింటూనే ఉన్నాను. అవి తేలికవుతున్నాయి. నిన్న గుమ్మంలోనే కూర్చున్నాను, అయినా ఎప్పుడు వెళ్ళిందో తెలియలేదు. పైన దీపం వెలిగితేనే వచ్చిందనుకున్నాను.

అందుకే ఇదంతా మీ చెవిన వేస్తున్నాను. మా వీధిలోకి వచ్చేవాళ్ళు మెట్ల కింద నిలబడి "అతుకులక్కా" అని ఒక కేకెయ్యండి. పలికితే చాలు, పలికిందని నాకు చెప్పి వెళ్ళండి. వెండిదుర్గం ఆడేవాళ్ళు, ఇప్పుడు అక్కడికి దారి తెరిచారట, మూగ వంతెన దాకా వెళ్ళి, ఆ ముడి వేసుకున్న మనిషి ఇంకా నిలబడే ఉందో లేదో చూడండి. ఉంటే, ఇటు తిరగమని మాత్రం అడగకండి. కళ్ళజోడు పెట్టుకుని ఇంటికి రమ్మనండి. కంపెనీకి కూడా ఒక ఉత్తరం ముక్క రాయండి, దూకిందని రాయొద్దని. అక్క మొహం ఎలా ఉండేదో అడిగితే నా దగ్గరికి పంపండి. ముక్కు మీద రెండు గుంటలు, కనుబొమ్మ చివర గాటు. ఎడమ కనుబొమ్మో, కుడిదో. కుడిదే అనుకుంటాను.